ఏ డబ్బాలోనైనా పట్టే ముక్క

దేవుడి తర్వాత మా ఆయన అంతగా నమ్మింది ఎస్‌ఎఫ్‌పీ అనే ఇనుప ముక్కని. బొటనవేలంత ఉంటుంది. ఒక కొసకి ఫైబర్ తీగ తగిలిస్తాం, రెండో కొసని స్విచ్ అనే పెద్ద డబ్బా కన్నంలోకి తోస్తాం. తీగలో వచ్చే వెలుతురుని డబ్బాకి అర్థమయ్యేలా మార్చడం దాని పని. భవానీపురంలో మా సందుకీ చుట్టుపక్కల ఇళ్ళకీ ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఆపరేటర్లం మేము. ఆయన స్తంభాలెక్కేవారు, నేను ఫోన్లు ఎత్తేదాన్ని. నా నోరు మంచిది కాదని ఆయన బాధ. కానీ కరెంటు పోయినా నెట్ పోయిందని తిట్టేవాళ్ళకి జవాబు చెప్పడానికి ఆ నోరే కావాల్సొచ్చేది.

ఆ ముక్క గురించి ఆయన చెప్పే కథ నాకు కంఠతా వచ్చు. ఎక్కడెక్కడి కంపెనీలన్నీ ఒకచోట కూర్చుని ఒప్పందం రాసుకున్నాయట. పొడవు ఇంత, వెడల్పు ఇంత, ఏ పిన్ను ఏ పని చేయాలి, అంతా ఒకే కొలత. ఎవరు చేసిన ముక్కైనా ఎవరి డబ్బాలోనైనా పట్టాలి. ఏ కంపెనీ బల్బు కొన్నా మన హోల్డర్‌లో వెలగట్లేదా, ఇదీ అంతే అనేవారు. మా పాత స్విచ్‌లో రకరకాల కంపెనీల ముక్కలు ఏళ్ళ తరబడి పనిచేశాయి. ఆ డబ్బా ఎన్నడూ కిక్కురుమనలేదు. అందుకని నేనూ నమ్మాను.

బుడమేరు వాగు పొంగినప్పుడు పొద్దున్నే నీళ్ళు సందులోకొచ్చాయి. మా స్విచ్ ఉండేది కింద గదిలో, గోడకి బిగించిన ర్యాక్‌లో. ఎదురింటి అన్నదమ్ములు గునపం పట్టుకుని వచ్చారు, ర్యాక్ మొత్తం ఊడబెరికి డాబా మీద పెట్టేద్దాం అని. అప్పటికే మోకాటి లోతు. మా ఆయన వద్దన్నారు. ముందు మీ అమ్మగారిని పైకెక్కించుకోండి అని పంపేశారు. ఆ మాట తప్పని నేను ఇప్పటికీ అనను. వాళ్ళు వెళ్ళాక నాతో అన్నారు:

"డబ్బా పోతే ఇంకో డబ్బా వస్తుందే. ఏ కంపెనీదైనా ఒకటే. ముక్కలు పీకి ఇస్తా, నీ క్యారేజీ పట్రా."

అన్నం క్యారేజీ గిన్నెల్లో పాత చీర పేలికలు పరిచాను. ఆయన ఒక్కొక్క ముక్కా పీకి, తుడిచి ఇస్తుంటే పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు సర్దాను. నీళ్ళు ర్యాక్ పైదాకా వచ్చాయి. నేను డాబా మీద క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మాకేం పోలేదనే అనుకున్నాను, నిజంగా.

నీళ్ళు తీశాక జనానికి ముందు తాగునీళ్ళు కావాలి, తర్వాత కరెంటు, ఆ వెంటనే నెట్. పెద్ద కంపెనీ వాళ్ళు అప్పటికే సెంటర్లో గొడుగు పాతి, బల్ల వేసుకుని కూర్చున్నారు. ఇళ్ళు కడుక్కుని జనం స్థిమితపడేలోపు మా లైన్లు వెలిగితే మేముంటాం, లేకపోతే లేదు. అది మా ఇద్దరికీ తెలుసు. ఆయన గవర్నరుపేట కొట్లన్నీ తిరిగి, దొరికిన ఒకే ఒక్క స్విచ్ పట్టుకొచ్చారు. మా పాతది చేసిన కంపెనీ కాదు, వేరేది. దానికేం, ఏదైనా ఒకటే కదా అనుకున్నాం.

ముక్కలు చక్కగా దూరాయి. టక్కున పట్టిన చప్పుడు కూడా వినపడింది. డబ్బా మీద దీపం మాత్రం వెలగలేదు. ల్యాప్‌టాప్ తగిలించి చూస్తే, ఈ ముక్కకి అనుమతి లేదని ఇంగ్లీషులో ఒక లైను. అది తీసి ఇంకోటి పెట్టారు. మళ్ళీ అదే లైను. అప్పుడు తెలిసింది, ప్రతి ముక్క కడుపులోనూ చేసినవాళ్ళ పేరు రాసి ఉంటుందట. ఈ డబ్బా ఆ పేరు చదువుతుంది, తనవాళ్ళది కాకపోతే గడప తొక్కనివ్వదు.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే, ఒప్పందం కొలతల వరకేనండీ, రానివ్వడం రానివ్వకపోవడం డబ్బా వాళ్ళ ఇష్టం అన్నాడు. డబ్బా కంపెనీ అమ్మాయి, మేము ఒప్పందం అక్షరాలా పాటిస్తున్నాం మేడమ్ అంది. ముక్కలు చేసినవాళ్ళదీ అదే మాట. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం. ఆ అమ్మాయిని నేనన్న మాటలు ఇక్కడ రాయను. పోనీ ఆ కంపెనీ ముక్కలే కొంటామంటే, చెన్నై నుంచి రావాలి, ఎప్పుడొస్తాయో చెప్పలేం అన్నారు. అయినా పంపమన్నాం.

ముక్కలో పేరు చెరిపి వేరే పేరు రాసే మెషిన్ బందరు రోడ్డులో ఒకాయన దగ్గరుందని తెలిసి పరిగెత్తాం. రాసిచ్చాడు. దీపం పచ్చగా వెలిగింది. మా ఆయన కళ్ళొత్తుకున్నారు. నేను వరసబెట్టి అందరికీ ఫోన్లు చేసి నెట్ వచ్చేసిందని చెప్పాను. ఇల్లలకగానే పండగ అవుతుందా? సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. డబ్బా మళ్ళీ లేచి, మళ్ళీ పేర్లు చదువుకుని, ఈసారి ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు. ఎందుకో ఆ మెషిన్ ఆయన కూడా చెప్పలేకపోయాడు.

మా మొట్టమొదటి కనెక్షన్ పాస్టరమ్మగారింటిది. ఆవిడ ఫోన్ చేయకుండా మనిషే వచ్చింది.

"ఏమనుకోకమ్మా. అమ్మాయికి పరీక్ష ఉంది, వాళ్ళది పెట్టించేశాం. మీ కోసం ప్రార్థన చేస్తున్నాం."

మా కోసం కాదు, ఆ డబ్బా మనసు మారాలని చెయ్యండి అందామనుకున్నాను. నోటి దాకా వచ్చి ఆగింది. ఆవిడ వెనకే సందు సందంతా వెళ్ళిపోయింది. నా ఫోన్ మోగడం మానేసింది. తిట్టడానికైనా ఎవరూ చేయడం లేదని ఏడ్చాను. చెన్నై నుంచి పార్సిల్ వచ్చిందని కబురు వచ్చేసరికి మా నెట్ కోసం ఎదురుచూస్తున్నది మా ఇల్లొక్కటే.

స్తంభాల మీద ఉన్న మా ఫైబర్‌ని ఆ పెద్ద కంపెనీయే కొనేసుకుంది. వాళ్ళ ఇంజనీరు వచ్చాడు, మర్యాదస్తుడే. బల్ల మీద క్యారేజీ చూసి ఏమిటని అడిగితే మా ఆయన మూత తీసి చూపించారు. అతను ఒక ముక్క తీసి, తన సంచిలోంచి ముక్కల్ని పరీక్షించే చిన్న డబ్బా ఒకటి పైకి లాగి అందులో తోశాడు. పచ్చదీపం వెలిగింది. ఇంకోటి పెట్టాడు, అదీ వెలిగింది.

"అన్నీ బాగున్నాయండీ. చెమ్మ కూడా తగల్లేదు," అన్నాడు.

మా ఆయన నా వైపు తిరిగారు.

"చెప్పానా, ఎందులోనైనా పడుతుందని."

ఇన్నేళ్ళూ చెప్పిన మాటే, అదే గొంతుతో అన్నారు. నాకు ఏడుపు కూడా రాలేదు. ఇంజనీరు ఆ ముక్కని జాగ్రత్తగా క్యారేజీలో పెట్టేసి, గోడ దగ్గరికెళ్ళి మా తీగ కోసి వాళ్ళ తీగకి అతికించాడు. వెళ్ళేటప్పుడు, మీ ఇంటికి కూడా కనెక్షన్ ఇచ్చేయమంటారా అండీ అని అడిగాడు. మా ఆయన ఇవ్వమన్నారు.