పరీక్ష గదిలో కొసరు

నిన్న బూన్ లే మార్కెట్లో కూరల అంకుల్ అడక్కుండానే బెండకాయల మీద గుప్పెడు కరివేపాకు వేశాడు. ఆ వాసనకి ప్రైమరీ త్రీలో, అంటే మూడో తరగతిలో, నేను కూర్చున్న పరీక్ష గది గుర్తొచ్చింది.

నాకు డిస్లెక్సియా. అక్షరాలు ఒక చోట నిలిచేవి కావు. అందుకని పరీక్షలకి నన్ను వేరే గదిలో కూర్చోబెట్టేవారు. ఏసీ చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. గంట కొట్టగానే మా క్లాసంతా క్యాంటీన్‌కి పరిగెత్తడం తలుపు అద్దంలోంచి కనిపించేది. నేను లేవబోతే టీచర్, "సిట్ డౌన్, యూ స్టిల్ గాట్ టైమ్ లా" అని ఇక్కడి యాస ఇంగ్లీషులో అనేవారు. నెమ్మదిగా చదివేవాళ్లకి వేసే శిక్ష అదేననుకున్నాను. ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. త్వరగా వదిలేస్తారని తోచిన జవాబుకల్లా టిక్కు పెట్టేసి బల్ల మీద తల వాల్చేసేదాన్ని.

ఒక సాయంత్రం ఇదే మార్కెట్లో అమ్మ అలవాటుగా కరివేపాకు కొసరు అడుగుతోంది. నేను సిగ్గుతో ఆమె చున్నీ లాగుతున్నాను.

"పరీక్షలో ఎక్స్‌ట్రా టైమంతా వాడుకున్నావా?" అంది అమ్మ.

"దట్ వన్ పనిష్‌మెంట్ వాట్, అమ్మా," అన్నాను, అది శిక్షేగా అన్నట్టు.

కరివేపాకు సంచిలో వేయబోతున్న అమ్మ చేయి ఆగిపోయింది.

"కాదు నాన్నా. ఆ టైమ్ నేనే స్కూలుకెళ్లి అడిగాను."

అప్పుడు నాకు ఆ గది మీదున్న కోపం అమ్మ మీదికి మళ్లిందంతే.

ఇప్పుడు ఆఫీసు మీటింగుల్లో అందరూ కాగితాలు చదివేసి నావైపు చూస్తారు. ఇంకో ఐదు నిమిషాలు కావాలంటాను. కొసరు అడగడానికి సిగ్గనిపించదు.