మీగడ రంగు అంబాసిడర్‌కు పెట్టిన బొట్టు

శివరాత్రికి ముందు ఆదివారం, పొద్దున ఆరుంబావు. మన్సూరాబాద్‌లో ప్రసాదరావు గారి ఇంటి షెడ్డులో అంబాసిడర్ కారు మీద కప్పిన దుప్పటి తీశాం. ఆ రోజు ఆ కారు పాత కార్ల ప్రదర్శనకు వెళ్ళాలి. దుప్పటి జారేసరికి బానెట్ నడిమధ్య అరచేయంత పసుపు మరక, దాని మీద మూడు ఎర్ర బొట్లు కనిపించాయి.

ఆ రంగు కొట్టింది నేను. కాబట్టి ముందు నా పని సంగతి చెప్పాలి.

నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఉస్తాద్ దగ్గర కార్ల రంగుల పనిలో చేరాను. ఆ పనిలో ఒక్కో మెట్టు ఎక్కాలి. మొదట పాత రంగు గీకడం. అది వచ్చాక లప్పం పెట్టనిస్తారు. లప్పం అంటే రేకు మీది సొట్టలు పూడ్చే ముద్ద. తర్వాత దాన్ని తడి గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయడం. స్ప్రే గన్ అందరికంటే చివర చేతికొస్తుంది. గన్ పట్టినవాడు పెయింటర్, షెడ్డు నడిపేవాడు ఉస్తాద్. నేను రెండూ అయ్యాను. ఎల్బీ నగర్ రోడ్డు మీద నా షెడ్డు చాలా కాలం నడిచింది. నంబరు ప్లేట్లు కూడా రాసేవాణ్ణి, అక్షరాలు తెలియకుండానే, బొమ్మ చూసి బొమ్మ దింపినట్టు. చదువు యాభై దాటాక వచ్చింది.

మెట్రో స్తంభాలు లేచినప్పుడు షెడ్డు ఎత్తేశాను. మోకాళ్ళు కూడా ఇక చాలన్నాయి. ఆ తర్వాత ఒప్పుకున్న పని ఈ కారు ఒక్కటే.

ప్రసాదరావు గారిది తెనాలి వైపు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కారు ఆయన మామగారిది. ఆ మామగారు డాక్టరు. చుట్టుపక్కల ఊళ్ళలో రోగులను చూడటానికి ఆ కారులోనే తిరిగేవారట. ఆయన పోయాక కారు పాకలో మూలపడి, కోళ్ళు గుడ్లు పెట్టే చోటయింది. సారు దాన్ని లారీ మీద తెప్పించి, విప్పి, ప్రతి ముక్కనూ మళ్ళీ బాగు చేయించడం మొదలుపెట్టారు. ఇంజను పని గౌస్ భాయ్‌ది. రేకు, రంగు నావి.

సారుకు ఓపిక ఉంది. అదే చిక్కు. పాత కార్ల పిచ్చి ఉన్న మనిషికి కారు ఎప్పటికీ పూర్తి కాదు. ఒక ఏడాది తలుపు పిడి ఆ కాలంది కాదని ప్రదర్శన మానేశారు. మరుసటి ఏడాది హారన్ మోత అసలుదానిలా లేదని మానేశారు. ఆయన భార్య కనకదుర్గ గారు చూసీ చూసీ ఒకసారి నాతో అన్నారు: “యాదగిరి గారూ, ఈ కారు మా నాన్నగారు జీవితమంతా నడిపారండీ. మా ఆయన జీవితమంతా తుడిచేలా ఉన్నారు.”

ఆమెకు కావలసింది ఒకటే. తండ్రి కారులో ముందు సీటు మీద కూర్చుని ఒక్కసారి రోడ్డు మీద తిరగాలి. అప్పటివరకు సారు ఆమెను అందులో కూర్చోనివ్వలేదు. సీటు రెక్సిన్ కొత్తది, నలుగుతుందని.

ఈసారి పిడి, హారన్, అన్నీ కుదిరాయి. మీగడ రంగు ఆఖరి పూత కొట్టి వారం కూడా కాలేదు. పాత కార్లకు వేసే ఈ రంగు తొందరగా ఆరినట్టు కనిపిస్తుంది, వేలు పెడితే అంటదు. కానీ లోపల పచ్చిగానే ఉంటుంది. రంగు పలచనయ్యేందుకు కలిపిన తిన్నరంతా ఆవిరై పోవడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా ఏది ఆనినా లోపలికి గుంజుకుంటుంది. తడిగుడ్డ కూడా పెట్టొద్దని సారుకు చెప్పాను. ఆయన తల ఊపారు. ఇంట్లో అందరికీ చెప్పానని కూడా అన్నారు.

ఇక ఆ పొద్దున సంగతి. సారు కాసేపు మరకనే చూశారు. పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు. మాట అనకుండా ఉండలేనివాడు గౌస్ భాయ్. “యాదగిరి భాయ్, ఇంజన్ నేను చేసిన, సప్పుడు రాలే. రంగు నువ్వు చేసినవ్, పసుపొచ్చింది,” అన్నాడు. నేను నోరు ముయ్యమన్నాను.

కనకదుర్గ గారు తలస్నానం చేసి పట్టుచీర కట్టుకుని షెడ్డులోకి వచ్చారు. మరక చూసి అక్కడే ఆగిపోయారు. శనివారం సాయంత్రం దీపం పెట్టాక బొట్టు పెట్టింది ఆమే. పసుపు ముద్ద తడిగా పూసి, దాని మీద కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని, సారుకు కోపం రాకుండా దుప్పటి మళ్ళీ జాగ్రత్తగా కప్పారు. ఆ దుప్పటి తడిని పోనివ్వలేదు. తెల్లారేదాకా పసుపు ఆ పచ్చి రంగులోకి దిగుతూనే ఉంది.

“ముట్టుకోవద్దని చెప్పానా లేదా?” అన్నారు సారు.

“చెప్పారు. నేను ముట్టుకోలేదే, బొట్టు పెట్టాను,” అన్నారామె. “బండి రిపేరై వస్తే బొట్టు పెట్టకుండా మా అమ్మ గేటు దాటనిచ్చేది కాదు. దానిక్కూడా మిమ్మల్ని అడగాలాండీ?”

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆమె మాటలో అబద్ధం లేదు. మన ఇళ్ళలో బొట్టు పెట్టడం ముట్టుకోవడం కింద లెక్క కాదు.

సారు ఫోను తీశారు. ప్రదర్శనవాళ్ళకు రావడం లేదని చెప్పేస్తానన్నారు. “బానెట్ మళ్ళీ కొట్టిద్దాం. వచ్చే ఏడు చూద్దాం,” అన్నారు. ఆ ‘వచ్చే ఏడు’ విని ఆమె చెంగు కొన వేలికి చుట్టుకుంటూ నిలబడ్డారు. నేను ఆమెనలా ఎప్పుడూ చూడలేదు.

ఒక్క నిమిషం ఆగమన్నాను. మెత్తటి గుడ్డకు రబ్బింగ్ కాంపౌండ్ రాసి మరక అంచున రెండుసార్లు తిప్పాను. ఈ కాంపౌండ్ రంగు పై పొరను సన్నగా అరగదీసి మెరుగు పెడుతుంది. గుడ్డకు పసుపు వచ్చింది, దానితోపాటు మీగడ రంగూ వచ్చింది. వెంటనే చెయ్యి తీసేశాను. ఇంకొంచెం రుద్దితే కింది ప్రైమర్ పూత బయటపడుతుంది. “రుద్దితే పోదు సారూ. రుద్దితే రంగే పోతది,” అన్నాను.

అప్పుడు కనకదుర్గ గారు మాట్లాడారు. “తెల్లచీర మీద పసుపు పడితే ఏం చేస్తామండీ? రుద్దం. ఎండలో వేస్తాం.”

నేను గౌస్ భాయ్ వంక చూశాను, గౌస్ భాయ్ నా వంక చూశాడు. దసరాకు బండ్ల మీద పెట్టిన బొట్లు నేను కొన్ని వందలు చూసి ఉంటాను. ముందు వెలిసేది పసుపే, కుంకుమ అట్లాగే ఉండిపోతుంది. కళ్ళ ముందున్నదే, ఈ మరకకు ముడిపెట్టి అప్పటిదాకా ఆలోచించలేదు. “అమ్మ చెప్పింది కరెక్టే సారూ. పసుపు ఎండకు పోతది. కుంకుమ నా చేతుల లేదు,” అన్నాను.

“కొత్త రంగును ఎండలో పెడతారా?” అని సారు అడిగారు. ఎండ పడితేనే ఇంకా గట్టిపడుతుందని చెప్పాను. అయితే ఈ రోజు డాబా ముందు నిలబెడదామన్నారు.

“నిలబెట్టడం దేనికి, నడిపితే ఎండ తగలదూ?” అన్నారు ఆమె. ముందు తలుపు తీసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, రెక్సిన్ సీటు మీద కూర్చుని తలుపు వేసుకున్నారు. ఆ తలుపు ఒకే దెబ్బకు, ఒకే చప్పుడుతో పడింది. దాన్ని కుదర్చడానికి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు.

“దిగు, దుర్గా. దీన్ని ఈ మొహంతో పదిమందిలోకి ఎలా తీసుకెళ్ళను?” అన్నారు సారు.

“మొహం బాగానే ఉంది. బొట్టు కూడా ఉంది,” అన్నారు లోపలి నుంచి.

నేను ఇక ఊరుకోలేకపోయాను. “అమ్మ దిగేటట్టు లేదు సారూ. మీరెక్కుతరా, గౌస్ భాయ్‌ని నడపమంటరా?”

గౌస్ భాయ్ చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. అది చూసి సారు గబగబా తాళం చెవి అందుకున్నారు. మేమిద్దరం వెనకెక్కాం.

ఎల్బీ నగర్ దాటి దిల్‌సుఖ్‌నగర్ వైపు తిరిగాక కొత్త గొడవ మొదలైంది. మెట్రో వంతెన నీడ రోడ్డు మీద పొడుగ్గా పడుతుంది. సారు అలవాటుగా ఆ నీడలోకి పోనిచ్చారు. “ఎడమకు రండి, ఎండలోకి రండి,” అని ఆమె. “ఎడమపక్క బస్సులున్నాయే,” అని ఆయన. చైతన్యపురి సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన ఆర్టీసీ డ్రైవరు కిటికీలోంచి వంగి, “ఏం సారూ, పెండ్లికా?” అన్నాడు. “అవును బాబూ, మాదే. ఆలస్యమైంది,” అన్నారు కనకదుర్గ గారు. ఆ తర్వాత సారు ఎండలోంచి పక్కకు జరగలేదు. గేరు మార్చినప్పుడల్లా మామగారు ఎట్లా మార్చేవారో అడుగుతూ వెళ్ళారు. ఆమె చెయ్యి ఊపి చూపిస్తూ ఉన్నారు.

ప్రదర్శన మైదానంలో న్యాయనిర్ణేతలు మధ్యాహ్నానికి మా దగ్గరికి వచ్చారు. అప్పటికి పసుపు ఎండుగడ్డి రంగుకు దిగింది, పక్క నుంచి చూస్తేనే తెలుస్తుంది. మూడు కుంకుమ బొట్లు మాత్రం పొద్దున ఉన్నట్టే ఉన్నాయి. వారిలో ఒకాయన వంగి చూసి ఇది రంగులో లోపమా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ప్రసాదరావు గారు, “కాదండీ, మా ఆవిడ పెట్టిన బొట్టు,” అన్నారు. అడిగినాయన ఏదో రాసుకుని ముందుకెళ్ళారు. మాకు బహుమతి రాలేదు.

వేసవిలో బానెట్ మళ్ళీ కొడతానని కబురు చేస్తే సారు వద్దన్నారు. మెరుగు పెట్టడానికి మాత్రం పిలిచారు. ఆ మూడు బొట్ల దగ్గర గుడ్డ తిప్పకుండా చుట్టూ పోనిచ్చాను. ఇప్పుడు ఆ కారు ప్రతి ఆదివారం కూరగాయలకు కూడా వెళ్తుంది.

ఈ పనిలో ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఇది. ఆఖరి పూత కొట్టాక, ఇది లోపల పచ్చిగా ఉంది, నెల దాకా పూజ చేయొద్దు అని చెప్పాలి. ఆ మాట యజమానికి చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఇంట్లో దీపం పెట్టే మనిషికి ఎదురుగా చెప్పాలి. పసుపు పడిందంటే రుద్దకండి, ఎండ తగలనివ్వండి. కుంకుమ పడితే అది ఉంటుంది. దాని కోసం కారును మూలపెట్టకండి.

ఆ రోజు కారులో ఉన్నది నలుగురం. స్టీరింగ్ ముందు ప్రసాదరావు గారు, వెనక సీటులో గౌస్ భాయ్, అతని పక్కన యాదగిరి అనే నేను, ముందు సీటులో డాక్టరు గారి అమ్మాయి కనకదుర్గ.