నున్నటి గోతులు

2003 మార్చిలో హార్టికల్చర్ ఆఫీసరుగా నాకు రాజోలు పోస్టింగు వచ్చింది. మా శాఖలో అది ఎటూ కాని హోదా. పైన అసిస్టెంట్ డైరెక్టరుగారు ఉంటారు, కింద చెప్పుకోదగ్గ వాళ్ళెవరూ ఉండరు. కొన్ని మండలాల కొబ్బరితోటలు, ఒక మోపెడు, ఒక కొలత టేపు నా అధీనంలో ఉండేవి. తొంభై ఆరు తుపానుకి నేలకొరిగిన తోటల్లో మళ్ళీ కొబ్బరి వేయించడం నా పని. కొందరు రైతులు వెంటనే వేసుకున్నారు. కొందరు అన్నేళ్ళూ అరటితోనూ కందతోనూ నెట్టుకొచ్చి, ఇక కొబ్బరి లేకుండా ఉండలేక ఆలస్యంగా మా ఆఫీసు మెట్లెక్కారు. మంగాయమ్మగారు ఆ రెండో రకం.

ఆవిడకి అప్పటికే అరవై దాటాయి. భర్త పోయారు. ఇంటి చుట్టూ రెండెకరాలు. తుపానుకి ముందు ఆ ఇంటి గుమ్మంలో మిట్టమధ్యాహ్నం కూడా ఎండ పడేది కాదట. నేను వెళ్ళేసరికి గుమ్మానికి పాత చీర అడ్డం కట్టుకుని, దాని వెనక కూర్చుని బియ్యం ఏరుకుంటున్నారు. కాపు గురించీ కాయల దింపు గురించీ నేను చెప్పబోతే ఆవిడ వినిపించుకోలేదు.

"ఏడేళ్ళయిందండి మేడమ్ గారూ, గుమ్మంలోకి నీడొచ్చి," అన్నారు. "కాయ ఎప్పుడొస్తే అప్పుడొస్తాదండి. నేనుండగా ఆ నీడొక్కటీ వచ్చేలా చూడండి, చాలు."

చూస్తానన్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ మాట మా నోట చాలా తేలిగ్గా వస్తుంది.

కొబ్బరి గొయ్యి మూడడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు ఉండాలి. గోతికీ గోతికీ మధ్య పాతికడుగులు వదలాలి. వేసవిలో తవ్వి, ఎండకి బాగా కాలనిచ్చి, తొలకరికి మొక్క పెడతారు. ఆ చుట్టుపక్కల గోతులకి ఏసేబు జట్టు పెట్టింది పేరు. ఆరుగురు మనుషులు, ఆరు గునపాలు, ఆరు పారలు. గొయ్యి పూర్తయ్యాక ఏసేబు లోపలికి దిగి, గునపం మొనతో నాలుగు గోడల్నీ పైనుంచి కిందికి చారలు చారలుగా గీరేవాడు. కొలతకి సరిపోయిన గోతిని మళ్ళీ ఎందుకు గీరుతావని అడిగాను. అలా గీరకపోతే గొయ్యి పూర్తయినట్టు కాదండీ, మా నాన్నగారూ అలాగే చేసేవారు అన్నాడు. వచ్చే నవ్వు ఆపుకుని, నా డైరీలో ‘ఆచారం’ అని రాసుకున్నాను.

ఆ ఏప్రిల్‌లోనే మా ప్రాంతానికి స్కిడ్ స్టీర్ లోడరు వచ్చింది. అదొక చిన్న యంత్రం. ఉన్నచోటే గిర్రున తిరగగలదు కాబట్టి తోటల్లో పనికొస్తుంది. దానికి ముందువైపు ఏ పనికి కావలసిన పరికరం ఆ పనికి తగిలించుకోవచ్చు. ప్రయోగంగా ఒక తోటలో గోతులు తవ్వించి రిపోర్టు రాయమని నన్ను ఆదేశించారు. ఏ పరికరం తీసుకోవాలన్నది నా నిర్ణయానికే వదిలారు. మూడు రకాలు చూపించారు. మొదటిది బకెట్టు, అది మట్టి ఎత్తడానికే గాని, దానితో తవ్వితే గోతికి బదులు ఏటవాలు కాలవ తయారవుతుంది. రెండోది మోచెయ్యిలా వంగి తవ్వే చెయ్యి. పని బాగానే ఉంటుంది, కాని నత్తనడక. మూడోది బరమా. వడ్రంగి చేతిలో ఉండేదే, కాకపోతే దీని వెడల్పు మూడడుగులు. దాన్ని కాట్రేనికోన దగ్గర ఇసక నేలలో నడిపి చూపించారు. కొన్ని నిమిషాల్లో గుండ్రటి గొయ్యి, అంచు చెదరలేదు. నాకు మతిపోయింది. బరమాకి సంతకం పెట్టేశాను.

నా తప్పు అక్కడే మొదలైంది. ఇసక నేలలో చూసి, మంగాయమ్మగారి బంకనేలకి ఎంచుకున్నాను. పైగా యంత్రం ఉందిగదా, ఒక్కరోజు పని, తొందరేముందని వేసవంతా వదిలేసి తొలకరి జల్లులు పడ్డాక తవ్వించాను. ఏసేబు జట్టుతో ఈ ఏడు మీ అవసరం ఉండదని నేనే చెప్పాను. "ఆయ్" అన్నాడు, సరే అన్నట్టు. ఇంటి వెనక బోదెగట్టు, అంటే చిన్న పంటకాలవ గట్టు, మెత్తగా ఉండి యంత్రం బరువు ఆపదని, ఆ గట్టు వెంట ఒక్క వరస మాత్రం, పన్నెండు గోతులు, జట్టు చేత తవ్వించాను. ఆ పని కాగానే వాళ్ళు మండపేట మిల్లుల్లో బస్తాలు మొయ్యడానికి వెళ్ళిపోయారు.

బరమా గోతులు చూడముచ్చటగా ఉన్నాయి. గోడలు నున్నగా మెరుస్తున్నాయి. ఫొటోలు తీయించి రిపోర్టుకి జతచేశాను. మంగాయమ్మగారు తొలి మొక్కకి పసుపు రాసి తన చేత్తో పెట్టారు. ఆవిడ ముఖంలో ఆనాటి సంతోషం తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

దసరాల నాటికి ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. కార్తీకంలో మొవ్వు, అంటే నడిమి లేతాకు, పట్టుకుని లాగితే కుళ్ళి చేతికొచ్చేసింది. బోదెగట్టు వరస మాత్రం నిగనిగలాడుతోంది. మొక్కలు అవే, ఎరువు అదే, వాన అదే. నాకు అంతుపట్టలేదు. చివరికి మోపెడు మీద మండపేట వెళ్ళి ఏసేబుని బతిమాలి తీసుకొచ్చాను. అతను రాగానే చచ్చిన మొక్కనొకదాన్ని పెకలించి, గోతి పక్కన బోర్లా పడుకుని లోపలికి చెయ్యి పెట్టి గోడ తడిమాడు.

"నున్నగా అలికేసినట్టుందండి. నీరెటు పోతాదండి? వేరు దేన్ని పట్టుకుంటాదండి?" అన్నాడు.

పెకలించిన మొక్క వేళ్ళు చూశాను. గోడలోకి చొరలేక గోతిలోనే చుట్టుకుని ఉన్నాయి. బరమా తిరుగుతూ తిరుగుతూ తడిబంకని గోడకి మెత్తింది. వాననీళ్ళు ఇంకే దారిలేక మొక్క మొదట్లో నిలిచిపోయాయి. ఏసేబు గునపం గీరేది ఆ మెత్తునే. నేల సంగతులు కాలేజీలో నాలుగేళ్ళు చదువుకున్న నేను చెయ్యి పెట్టి చూడలేదు.

మంగాయమ్మగారికి చెప్పడం కష్టమైంది. "చెట్టుకి ఏడాదంటే ఎంతండి. నాకే లెక్క," అని ఆవిడ లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చిచ్చారు.

మరుసటి వేసవిలో మళ్ళీ తవ్వించాం. బరమానే వాడాం, కాని ఎండల్లో, నేల ఆరాక. అమలాపురంలో వెల్డింగు చేసేవాడి చేత బరమా అంచుకి రెండు ఇనపపళ్ళు పెట్టించాను. అవి తిరుగుతూ గోడని గీరేవి. ఒక్కో గోతిలో ఏసేబు చెయ్యి పెట్టి చూసి, ఆయ్ అన్నాకే మొక్క పెట్టాం. ఈసారి తోటంతా నిలబడింది. నా రెండో రిపోర్టులో బంకనేలకి బరమా ఒక్కటే చాలదనీ, గోడ గీరడం తప్పనిసరనీ, తడిలో తవ్వకూడదనీ రాశాను. ఫొటోలు జతచెయ్యలేదు.

ఆ తరవాత నాకు రెండు బదిలీలయ్యాయి. అటు వెళ్ళినప్పుడల్లా ఆ తోటలోకి తొంగిచూసేదాన్ని. బోదెగట్టు వరస ముందుగా ఎదిగింది. ఆవిడ మంచం గుమ్మంలోంచి తీసి ఆ గట్టు మీద వేసుకున్నారు. నీడ ఇంటికి రాకపోతే నేనే నీడ దగ్గరికి వెళ్ళేనండి అని నవ్వారు. ఆ వరస తొలి బొండాలు తాగారు. మిగతా తోట మట్టలు పరిచి గుమ్మంలోకి నీడ తెచ్చింది ఆ మరుసటి ఏడు. అప్పటికి ఆవిడ లేరు.

ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను. అప్పుడే తవ్విన గొయ్యి వాసన కోసం, గునపాల చప్పుడు కోసం, చివర్న ఏసేబు అనే ఆ చిన్న ‘ఆయ్’ కోసం మనసు లాగుతూనే ఉంటుంది. అది పక్కన పెడితే, ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇది. పనిముట్టు ఎంచుకునేటప్పుడు ఎంత వేగంగా తవ్వుతుందో చూస్తే చాలదు. ఇన్నాళ్ళూ ఆ పని చేసిన చెయ్యి తవ్వడంతో పాటు ఇంకేం చేస్తోందో అడగాలి. నేను అడిగాను, జవాబు రాసుకున్నాను కూడా. దాన్ని ఆచారం కింద రాసుకున్నందుకు మంగాయమ్మగారి గుమ్మంలోకి నీడ ఒక ఏడాది ఆలస్యంగా వచ్చింది.