వాల్ ట్యూబు తెగిన పడవ

ఇవాళ షాపులో సైకిల్ వాల్ ట్యూబు ముక్క చేతికి తగలగానే చెవులు వేడెక్కాయి. ఏడో తరగతిలో బాన్సువాడ కాలువలో నేనూ, మా క్లాసు ఖలీలూ పెట్టుకున్న రిమోట్ పడవల పందెం గుర్తొచ్చింది. థర్మకోల్ పడవ, విరిగిన బొమ్మ కారు రిమోట్, నీళ్లలో ఫ్యాను తిప్పడానికి సైకిల్ స్పోక్ పుల్ల. ఆ పుల్లను మోటరుకు కలిపేది ఈ సన్నని రబ్బరు గొట్టమే.

ఓడినవాడు గెలిచినవాణ్ణి అందరి ముందు ‘ఉస్తాద్’ అనాలని పందెం పెట్టింది నేనే. పాతసామాన్ల దుకాణంలో పెద్ద మోటరు ఏరుకొచ్చాను. ఖలీల్ చిన్నదే బిగించాడు.

“గంత మోటరు వద్దురా, వాల్ ట్యూబు ఆగది,” అన్నాడు.

“ఏంది, అప్పుడే భయమైతుందా?” అన్నాను.

నా పడవ కాలువ నడుమకు పోయేసరికి ట్యూబు మెలితిరిగి తెగింది. మోటరు గుర్రుమంటోంది, పుల్ల కదలడం లేదు. నేను పిచ్చివాడిలా బటన్ నొక్కుతూనే ఉన్నాను.

“అన్నా, నీ పడవకు నిద్రొచ్చిందే!” గట్టు మీది పిల్లలు ఒకటే నవ్వులు.

గెలిచిన ఖలీలే నీళ్లలోకి దిగి నా పడవ తెచ్చిచ్చాడు. “మోటరు మస్తుందిరా. దానికి తగ్గ పుల్ల, ట్యూబు చూద్దాం పా,” అన్నాడు.

వెక్కిరించి ఉంటే కొట్టేవాణ్ణి. ఆ మాటకు మాత్రం పడవ లాక్కుని ఇంటికి పోయాను. ఉస్తాద్ అనలేదు. వాడూ అడగలేదు.

ఇప్పుడు మోటర్లు బాగుచేస్తున్నాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదని గొప్పగా చెప్పుకుంటాను. షాపుకొచ్చే వాళ్లంతా నన్ను ఉస్తాద్ అనే పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ తల దించుకుని, చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్‌నే వెతుకుతాను.