రాకడ కూడికకు మా వడ్ల పరదాలు

లోకాంతం గురించి నాకు తెలిసినంత కేసముద్రం చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. డిగ్రీ మొదటి ఏడాది చదువుతున్నాను, చర్చిలో యవ్వనస్తుల కూడికకు లీడర్ని. ఫోనూ, బైబిల్లో లోకాంతం గురించి చెప్పే ప్రకటన గ్రంథమూ ఒకేసారి చేతికొచ్చాయి (ఆ వయసులో రెండూ కలిపి ఎవరికీ ఇవ్వకూడదని ఇప్పుడనిపిస్తుంది). ఎండ ముదిరితే ఒక గుర్తు, వడగళ్లు పడితే ఒక గుర్తు. మిరపతోటలకు తామర పురుగు పడితే, ప్రకటనలోని మిడతలు వచ్చేశాయని అట్ట మీద రాసి చర్చి గోడకు తగిలించాను. ఎప్పుడూ ప్రభువు రెండో రాకడ మాటే ఎత్తుతానని పిల్లలు నాకు 'రాకడక్క' అని పేరు పెట్టారు. నేనది బిరుదనుకున్నాను. కాలేజీలో సారు, బొగ్గూ పెట్రోలూ తగలేసి మనమే భూమిని వేడెక్కించామని చెప్పి అందరిచేతా మొక్కలు నాటిస్తుంటే, "ఇది నీడిచ్చేదాకా భూమే ఉండదు సార్" అని నేను మొక్క ముట్టలేదు. ఆయన నావంక జాలిగా చూసి, దాన్నీ తనే నాటుకున్నాడు.

ఆ ఎండాకాలం యాసంగి కోతలప్పుడు అంత్యదినాల మీద పెద్ద కూడిక పెట్టాం. షామియానా దొరకలేదు, అంతటా పెళ్లిళ్లు. మా ఇంట్లో వడ్లు కప్పే పరదాలు నాలుగున్నాయి. అమ్మ అప్పుడు కల్లంలో వడ్లు ఆరబోసింది. నాయిన పోయాక ఆమె ఒక్కతే కౌలుకు చేసిన పంట అది. ఏడాది తిండీ నా చదువూ అందులోనే ఉన్నాయి. తెలిసి కూడా, ఆకాశం తేటగానే ఉంది కదా అని, అడగకుండా నాలుగూ పట్టుకుపోయి చర్చి ముందు పందిరి కట్టించాను.

మధ్యాహ్నం మైకు పట్టుకుని, కాలం గాని కాలంలో వానలు పడతాయని చెబుతుండగానే ఉరిమింది. జనం ఆమెన్ అన్నారు. నా జన్మలో అంతగా పొంగిపోయింది లేదు. ఇంతలో అమ్మ కొంగు నడుముకు చుట్టుకుని వచ్చింది. ఎవరికీ వందనాలు చెప్పకుండా నేరుగా గుంజ దగ్గరికి పోయి తాడు విప్పసాగింది.

"అమ్మా, వాక్యం నడుస్తున్నది. జర ఆగు," అన్నాను మైకులోనే.

"రాకడ జర ఆగుతది బిడ్డా, వాన ఆగదు."

"ఇది దేవుని గుర్తమ్మా. మనం అడ్డం పడొద్దు."

"మనుషులు చేసిన ఆగాన్ని దేవుని మీద ఏస్తున్నవా? నా వడ్లు తడవాలని ఆయన ఏ వాక్యంల చెప్పిండో సదువు, వింట."

ఊరంతా విన్నది. నేను బైబిలు తిప్పాను (నిజంగానే తిప్పాను). పాస్టరయ్య లేచి, "ఆమె అడిగినదానికి నా తాన గూడ జవాబు లేదు. తలో అంచు పట్టుండ్రి," అని రెండో గుంజ తాడు విప్పాడు. కూడిక మొత్తం పరదాలు నెత్తిన పట్టుకుని కల్లానికి పరుగెత్తింది. వడ్లు కుప్ప చేసి కప్పేసరికి సగమే దక్కాయి.

వారం రోజులు కాలేజీ మానేసి, తడి వడ్లలో అమ్మతో పాటు కాళ్లతో సాళ్లు తీస్తూ తిరగేశాను. కొన్ని మొలకెత్తాయి. అమ్మ తిడితే బాగుండేది. మూడో రోజు మళ్లీ మబ్బు పట్టింది. నాకు ఏడుపొచ్చింది.

"నీకు భయం లేదా అమ్మా? ఇప్పుడే ప్రభువు వస్తే?"

"రానీ. ఏం చేస్తున్నవమ్మా అని అడిగితే వడ్లు ఆరబోస్తున్న అంట. మరి నువ్వేమంటవ్?"

నేను లేచి పరదా అంచు అందుకున్నాను. రాకడను నేను ఇప్పటికీ నమ్ముతాను. ఎండలు అప్పటికంటే ముదిరాయి. "అంతా రాసిపెట్టి ఉన్నది, మనమేం చేస్తం" అనేవాళ్లు మా చర్చిలోనే ఉన్నారు. ప్రతి ఆదివారం వాళ్లతో గొడవ పడతాను, పడుతూనే ఉంటాను. మైకు పట్టుకున్న ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. లోకం ఎలా అంతమవుతుందో ఆమెకు వాక్యాలతో సహా తెలుసు. గింజ పంటి కింద కొరికి, వడ్లు ఎండాయో లేదో చెప్పడమే రాదు.