రెండు కల్వర్టుల నడుమ మా ఇల్లు

మా ఆయన రోడ్డు రోలరు నడిపేవాడు. ఊరంతా ఆయన్ని రోలరనే పిలుస్తుంది, నన్ను రోలరు పెళ్లామంటుంది. సముద్రం నుంచి మా ఊరి దాకా ఈ రాష్ట్ర రహదారి మీద ఆయన చదును చెయ్యని జానెడు చోటు లేదు, మా గుమ్మం ముందు తప్ప. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ రోడ్డు పుట్టుక ఏమంత గొప్పది కాదు. ఒకప్పుడు సముద్రం వైపు నుంచి రైలు స్టేషనుకి ఉప్పు బళ్లు పోయే బాట ఇది. ఎద్దులకి నీళ్లు ఎక్కడ దొరికితే అక్కడికల్లా వంపు తిరిగింది. మా మామగారి కాలంలో కంకర పోశారు. ఆ కంకర కొట్టిన చేతుల్లో ఆయనవీ ఉన్నాయి. తిన్నగా వేద్దామంటే చక్కెర మిల్లు యజమాని తన తోట కొట్టనివ్వలేదట. ఆ మహానుభావుడు పోయాడు, తోటా ఎండిపోయింది, వంపు మాత్రం అలాగే ఉంది. ఇప్పటికీ అక్కడికి రాగానే బస్సులో సగంమంది కక్కుకోడానికి కిటికీల్లోంచి తలలు బయటపెడతారు. తర్వాత తారొచ్చింది, రాష్ట్ర రహదారని నంబరొచ్చింది, పచ్చ బోర్డొచ్చింది. మా ఇంటి ముందుకి మాత్రం దుమ్మే వచ్చింది.

ఎందుకంటారా? సముద్రం వైపు సగం మా ఆయన పనిచేసే ఆఫీసుది, స్టేషను వైపు సగం ఇంకో ఆఫీసుది. "కల్వర్టు దాకా మాది" అని ఇద్దరూ అంటారు. నేను కాపురానికి వచ్చినప్పుడు ఒక్క కల్వర్టే ఉండేది, పేచీ లేదు. తారు పడకముందే ఒక ఏడాది వరదకి వాగు గట్టు తెంచుకుని పక్కనుంచి పారింది. అక్కడ ఇంకో కల్వర్టు కట్టారు. అప్పట్నుంచి సముద్రం వాళ్లు పాత కల్వర్టు దగ్గర ఆగిపోతారు, స్టేషను వాళ్లు కొత్త కల్వర్టు దగ్గర ఆగిపోతారు. నడుమ మా ఇల్లు, నా ఇస్త్రీ పాక, గుంటలు. రెంటికీ చెడ్డ రేవడి అంటే మేమే.

నాది ఇస్త్రీ పని. లారీ పోయిందంటే చాలు, మడతపెట్టిన తెల్ల బట్ట కాస్తా మట్టి రంగుకొస్తుంది. గోనెపట్టాలు కట్టాను, నీళ్లు చల్లాను, లారీల వాళ్లని తిట్టాను. బేరాలు ఒక్కొక్కటే జారిపోయి చివరికి ఆస్పత్రి డాక్టర్ల కోట్లు మిగిలాయి. ఆయన రిటైరయ్యాక మా పొయ్యి వెలగాల్సింది వాటితోనే. మొన్నీమధ్య ఆస్పత్రి అటెండరు ఒక కోటు తెచ్చి నా ముందు దులిపాడు.

"అక్కా, పెద్ద డాక్టరమ్మ కేకలేస్తోంది. ఈ నెల చూస్తారట. ఇలాగే ఉంటే పట్నం లాండ్రీకే."

ఆ నెలాఖరుకే మా ఆయన రిటైర్మెంటు కూడా. నేను రెండు ఆఫీసులకీ కాళ్లరిగేలా తిరిగాను. ఇక్కడికి వెళ్తే అక్కడికి పొమ్మన్నారు, అక్కడికి వెళ్తే ఇక్కడికి పొమ్మన్నారు. ఇంటికొచ్చి ఈయన మీద ఒంటికాలి మీద లేచేదాన్ని.

"నీ ఇంజనీరుని ఒక్క మాట అడగవయ్యా! నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"మా లిమిట్ కాదే."

"లిమిట్ కాకపోతే మానె, పెళ్లాన్ని కదా!"

దున్నపోతు మీద వాన. కంచం కడుక్కుని పడుకునేవాడు. చెడ్డవాడు కాడు, తాగడు, తిట్టడు. తన కోసం గానీ నా కోసం గానీ ఒకరిని నోరు తెరిచి అడగడు, అంతే. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆయన ఆఖరి డ్యూటీ రోజున పని సరిగ్గా పాత కల్వర్టు దాకా వచ్చింది. లారీలో తారు కలిపిన కంకర ఇంకా సగం మిగిలి పొగలు కక్కుతోంది. నేను ఇస్త్రీ పెట్టె వదిలేసి పరుగెత్తాను.

"బాబూ, ఆ మిగిలింది మా ముందు పొయ్యించండి. మీకు పుణ్యముంటుంది."

కుర్ర ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు. "ఆ ముక్క మాది కాదమ్మా. రేపు ఆడిట్ వాళ్లు నన్ను పట్టుకుంటారు."

"ఏమయ్యా, నువ్వైనా చెప్పు!" అని రోలరు వైపు అరిచాను. ఆయన సీటులో కూర్చుని తన చేతులు చూసుకుంటున్నాడు. లారీ ఆ మాలంతా కల్వర్టు పక్కనున్న గుంటలో కుమ్మరించి వెళ్లిపోయింది. సాయంత్రం మెడలో దండతో ఇంటికొచ్చాడు. నేను మొహం తిప్పుకున్నాను. కోపంతో కాదు, ఏడుపొస్తుందని.

మర్నాడు పొద్దున లేచి చూస్తే మంచం ఖాళీ. బయటికి వచ్చాను. గుంటలో గట్టిపడ్డ తారు పెళ్లలు పలుగుతో పగలగొట్టి తట్టలో మోసుకొస్తున్నాడు. రేకు మీద వేసి కింద మంట పెట్టి, మెత్తబడ్డాక మా గుమ్మం ముందు పరిచి దిమ్మిసతో కొడుతున్నాడు. రోలరు నడిపినవాడికి దిమ్మిస పని! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నడుం పట్టేస్తుంది, లోపలికి రా" అన్నాను. వినలేదు. రోజుకి చాపంత మేర పడేది.

డాక్టరమ్మ ఇచ్చిన నెల గడువు అప్పటికే దాటింది. అటెండరు వచ్చి ఉన్న కోట్లు మూటగట్టుకుని, నా మొహం చూడకుండా వెళ్లాడు.

ఆ వారమే జీపు వచ్చి ఆగింది. అదే ఇంజనీరు. దిగుతూనే కేకలు.

"ఎవరినడిగి వేస్తున్నావ్? పర్మిషన్ లేకుండా మా రోడ్డు మీద చెయ్యి వెయ్యడానికి నువ్వెవరు?"

నేను చీర కుచ్చెళ్లు దోపుకుని ఎదురెళ్లాను. "ఎవరి రోడ్డు బాబూ? మొన్న మీది కాదన్నారే! ఎప్పుడు పుట్టింది మీకు?"

ఇంజనీరు వెనక్కి తిరిగాడు. "ఏదో మాట వరసకి అన్నాను" అంటూ జీపెక్కబోయాడు. అప్పుడు మా ఆయన కదిలాడు. దిమ్మిసని జీపు చక్రం ముందు పెట్టి, దాని పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"సార్, ఇన్నేళ్లూ మీరు ఆగమన్న చోటల్లా ఆగాను. ఇది ఎవరిదో పైవాళ్లకి చెప్పి కదలండి."

ఇంజనీరు ఎంత కసిరినా లేవలేదు. వెనక లారీలు ఆగాయి, హారన్లు మోగాయి, జనం మూగారు. చివరికి ఇంజనీరు ఫోను తీసి పక్కకి తిరిగి, "అవును సార్, మన కిందే వస్తుంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా విన్నారు.

వానలకి ముందే తారు పడింది. వేరెవరో కుర్రాడు రోలరు తెచ్చి చదును చేశాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. నేను ఖాళీ బల్ల మీద అరచేత్తో రాసి ఆయనకి చూపించాను. దుమ్ము లేదు.

"ఏం లాభం?" అన్నాను. "ఇప్పుడు ఎవరి బట్టలు పెట్టుకోను దీని మీద? నీ రోడ్డు వచ్చేసరికి నా కోట్లు పోయాయి."

ఆయన లోపలికి వెళ్లి ఉతికిన చొక్కా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇస్త్రీ చెయ్యి."

"ఏ ఊరేగింపుకి?"

"ఆస్పత్రికి. డాక్టరమ్మని అడిగొస్తాను."

నేను తలెత్తలేదు. పెట్టెలో బొగ్గులు వేసి, రాజుకునేదాకా విసురుతూ కూర్చున్నాను.