కింద పరిచిన తువ్వాలు

“మీ నాన్న ఏదో ఒకరోజు ఆ కత్తుల పెట్టె మూయడం మరిసిపోతారు. ఆ రోజు మన పిల్ల సెయ్యి తెగుద్ది. సూడు కావాలంటే!”

షీబా తన భర్త సంజయ్‌తో ఈ మాట అనని వారం లేదు. బడిలో జీవశాస్త్రం చెప్పే మనిషి. పాత ఇనుము చూస్తే చాలు, ఆమెకు ధనుర్వాతమే గుర్తొచ్చేది.

మామగారు జీవరత్నం సైన్యం వైద్యదళంలో, ఆపరేషన్ గదిలో పనిచేసి రిటైరయ్యాడు. నెల్లిమర్లకు తిరిగొచ్చాక, ఆ దళంవాళ్లు ఎప్పుడో వాడి పారేసిన ఆపరేషన్ కత్తులను వెతికి కొనడమే ఆయన వ్యాపకం. నల్లచెక్క పిడి, అలుగు మీద సైన్యం సొత్తని చెప్పే చిన్న బాణం ముద్ర కనబడితే అన్నం ముందునుంచైనా లేచిపోయేవాడు.

ఆదివారం చర్చి నుంచి రాగానే వాటికి నూనె రాసేవాడు. చూడ్డానికొచ్చినవాళ్లు అరచెయ్యి చాచాలి. ఆయన ఆపరేషన్ గదిలో డాక్టర్లకు ఇచ్చినట్టే పిడిని ముందుకు తిప్పి అందించి, వాళ్లు “అందింది” అన్నాకే వదిలేవాడు. మూడేళ్ల మనవరాలు రూతు అన్నం గరిటెతో అచ్చం అదే ఆట ఆడేది.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటేడు, ఒక ఆదివారం పాత సామాన్లు కొనే అసిరయ్య వీధిలోంచి కేకేశాడు.

“తాతా, బేగి రా! బాణం గుర్తున్నది దొరికినాది!”

జీవరత్నం పెట్టె తెరిచే ఉంచి పరుగెత్తాడు.

షీబా వంటింట్లోంచి వచ్చేసరికి రూతు చేతిలో పొడవాటి కత్తి. ఆమె చెయ్యి చాచింది.

“ఇటిచ్చీ, తల్లీ.”

“పిడి ముందివ్వాల, అమ్మా!”

రూతు కత్తిని తిప్పబోయింది. రెండో చెయ్యి పదునైన అలుగు మీదికి వెళ్తోంది.

గుమ్మంలోకి వచ్చిన జీవరత్నం అది చూశాడు. పరుగెత్తలేదు. మెల్లగా కింద కూర్చుని, భుజం మీది తువ్వాలు నేల మీద పరిచాడు.

“రూతమ్మా, ఈయేల సెయ్యి కాదు, ఇదే ట్రే. ఇందులో పెట్టీ.”

రూతు ఒక్క క్షణం ఆలోచించింది. కత్తిని తువ్వాలు మీద పెట్టింది.

“అందింది,” అన్నాడాయన. పిల్లను దగ్గరకు లాక్కున్నాకే కత్తిని పెట్టెలో పెట్టి మూశాడు.

“సూసారా, మావయ్యా! నే సెప్తానే ఉన్నాను!” షీబా ఏడ్చేసింది.

“తప్పు నాదేనమ్మా. ఇంక పెట్టె తాళం నీకాడే ఉంచు. ఒక్కమాట మాత్రం ఇనుకో. పిల్ల సేతిలో పదునుంటే లాక్కోకు, సెయ్యి సాపకు. ముందు నువ్వు కూకో. గుడ్డ పరిచి, ఇక్కడ పెట్టమ్మా అను.”

ఇప్పుడు రూతు కత్తెర పట్టుకున్నా సరే, షీబా ముందు నేల మీద కూర్చుంటుంది. పమిట చెంగు పరుస్తుంది.